మన చిన్న కంప్యూటరుకు వడదెబ్బ
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘం కంప్యూటరు సంగతి చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను, ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాసినవాణ్ణి. చేసిన పొరపాట్లతో సహా మనవి చేస్తాను.

మొన్న మే నెలలో మన కేసముద్రం ఎండలు మీరు ఎరుగనివి కావు. మధ్యాహ్నం మన గదిలో 41 డిగ్రీలు. కీర్తిశేషుడైన మన సహోద్యోగి భార్యగారి కుటుంబ పింఛను బకాయిల పట్టిక కొడుతున్నాను. మర్నాడు ఉదయమే దాఖలు చేయాలి. మూడుసార్లు కంప్యూటరు టప్పున ఆగిపోయింది. ఆమె బల్ల పక్కనే కూర్చుని చూస్తున్నారు. ఆ రాత్రి నేనూ కోశాధికారిగారూ కలిసి చేత్తోనే రాసి ముగించాం.

బాగుచేసే ఆయన మదర్‌బోర్డు పోయిందన్నాడు. నమ్మాను కూడా. సెలవులకు వచ్చిన మా మనవడు పక్క రేకు విప్పితే, ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య కంబళి పరిచినట్టు దుమ్ము! మార్కెట్ యార్డుకు మొక్కజొన్న వచ్చే రోజుల్లో మన కిటికీలోంచి ఏం వస్తుందో మీకు తెలుసు.

1993లో వచ్చిన మొదటి పెంటియం సుమారు 15 వాట్ల వేడి పుట్టించేది. ఇప్పటి మామూలు ప్రాసెసర్ మీద 65 వాట్లని రాసి ఉంటుంది. వెనకటి 60 వాట్ల బల్బును చేత్తో పట్టుకోగలిగామా? ఇక్కడ ఆ వేడి అంతా బొటనవేలి గోరంత చోట పుడుతుంది. ఇంటెల్ వారి చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరకు రాగానే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే ఆగిపోతాయి. ఫ్యాను గదిలోని గాలినే విసురుతుంది కనుక ఎంత ఖరీదైన కూలర్ అయినా ప్రాసెసర్‌ను గది వేడి కంటే కిందికి దించలేదు. 30 డిగ్రీల గదిలో 70 చూపించేది, 42 డిగ్రీల గదిలో ఇంచుమించు 82 చూపిస్తుంది.

ఇక నా తెలివి వినండి. మొదట నీళ్లు పోసే గది కూలర్‌ను కంప్యూటరుకు ఎదురుగా పెట్టాను. ఆ తేమ యంత్రానికి మంచిది కాదని మనవడు కోప్పడి తీసేశాడు. తరువాత పొడవాటి టవర్ కూలర్ కొన్నాను. బిగించాక పక్క రేకు మూతపడలేదు! మనది చిన్న పెట్టె. ప్రాసెసర్ పైభాగం నుంచి రేకు వరకు ఎన్ని మిల్లీమీటర్లో ముందే కొలవాలి. ఇలాంటి పెట్టెల కోసమే పొట్టి కూలర్లున్నాయి. ఆస్ట్రియా కంపెనీ నోక్టువా వారి ఎన్‌హెచ్-ఎల్9ఐ ఎత్తు 37 మిల్లీమీటర్లే. అయితే పొట్టిదానికి శక్తీ తక్కువే.

చివరకు మాకు కొత్తది అవసరం పడలేదు. ప్లగ్గు పీకి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టి, బ్రష్షుతో దుమ్ము దులిపాం. ఎండి పెచ్చులు కట్టిన పాత పేస్టు తుడిచి, శనగ గింజంత కొత్త పేస్టు పెట్టాం. విండోస్ పవర్ సెట్టింగులలో ప్రాసెసర్ గరిష్ఠ పరిమితిని 100 నుంచి 99 శాతం చేశాం. దాంతో అది టర్బో వేగానికి పోదు. పింఛను పట్టికలకు టర్బో ఎందుకు? ఆ తరువాత అదే ఎండలో 78 దాటలేదు.

టవర్ కూలర్‌ను దుకాణం వారు వాపసు తీసుకోలేదు. డబ్బు నాదే, సంఘానిది కాదు. పెద్ద పెట్టె ఉన్నవారెవరైనా ఉంటే పట్టుకుపోవచ్చు, ఇదిగో బల్ల మీద పెట్టాను. సెలవు.