చికిత్స ముగిసిన పిమ్మట



మన బడి బాలుడొకడు తరచుగా సెలవడుగుచుండెను. విచారింపగా, రొమ్ము క్యాన్సరు చికిత్స పొందిన తల్లికి బెంగుళూరులో డాక్టరుగారి కన్నడమును తెలిగించుటకు వెళ్ళుచున్నాడని తెలిసి మేము కలతచెందితిమి. కొడుకు నోట ఆ తల్లి తన బాధ నెట్లు చెప్పించును? చేతి వాపును దాచినది.

చికిత్స ముగిసిన పిదప 3 ఏండ్లు 3 నుండి 6 నెలలకొకసారి, తరువాత 2 ఏండ్లు 6 నుండి 12 నెలలకొకసారి, ఆపైన ఏటేటా పరీక్ష కావలెను. రొమ్ము మిగిలినవారికి ఏటేటా మామోగ్రాము. ఇన్నేండ్లకు పేరుగల డాక్టరుకన్న మాట వినెడి డాక్టరు మేలు. కిద్వాయి బెంగుళూరున నున్నది. 2024 వరకు మన ఉమ్మడి రాజధానియైన హైదరాబాదున ఎం.ఎన్.జె. ఆసుపత్రి కలదు, అచ్చట తెలుగు నడచును. మన రేషనుకార్డు చెల్లునో లేదో ముందుగా అడుగుడు; పాత కాగితములన్నియు కొనిపొండు.

ఇపుడు కన్నడము వచ్చిన మేనత్త వెంట వెళ్ళుచున్నది. చేతి వాపు సంగతి మొదట ఆమెకే చెప్పినదట.