పంపిన అస్త్రాన్ని వెనక్కి పిలవగలమా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో, విద్యార్థుల చర్చాపోటీ ముగిసిన తర్వాత చేసిన ప్రసంగ పాఠం)



"ఉగ్రవాదులు దాడి చేస్తే దేశం ప్రతిదాడి చేయాలా, వద్దా?" అన్న అంశం మీద ఈ ఉదయం నుంచి ఎనిమిది మంది విద్యార్థులు మాట్లాడారు. ఎవరు బాగా మాట్లాడారో న్యాయనిర్ణేతలు చెబుతారు. ఆ పని నాది కాదు. అంశం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు కాబట్టి నిలబడ్డాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమాయకులను చంపిన వాళ్ళను ఏ దేశమూ వదిలిపెట్టకూడదు. తన ప్రజలను కాపాడుకోవడం ప్రభుత్వం మొదటి బాధ్యత. ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 51వ అధికరణం కూడా ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంటుంది. కాబట్టి హక్కు ఉందా లేదా అన్న దగ్గర నాకు పేచీ లేదు. ఆ హక్కును ఎప్పుడు, ఎవరి మీద, ఎంతవరకు వాడాలి అన్నదే అసలు చర్చ. సైన్యాన్ని సరిహద్దు దాటించడం మన ముందున్న మార్గాల్లో ఒకటి మాత్రమే. మొదలుపెట్టాక ఎక్కడ ఆపగలమో తెలిసినప్పుడే ఆ మార్గం పట్టాలన్నది నా వాదన.

ముందుగా ముంబై సంగతి చూద్దాం. ఈ పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. 2008 నవంబర్ 26 రాత్రి కరాచీ నుంచి సముద్రం మీదుగా వచ్చిన పదిమంది ఛత్రపతి శివాజీ టెర్మినస్ స్టేషన్‌లో, తాజ్, ఒబెరాయ్ హోటళ్ళలో, నారిమన్ హౌస్‌లో కనపడిన వాళ్ళనల్లా కాల్చారు. 29వ తేదీ ఉదయం వరకు ఆ మారణకాండ సాగింది. 166 మంది చనిపోయారు. తుకారాం ఓంబ్లే అనే అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ కసబ్ చేతిలోని తుపాకీ గొట్టాన్ని పట్టుకుని, గుళ్ళన్నీ తన ఒంట్లో దిగుతున్నా వదల్లేదు. ఆయన ప్రాణం పోయింది గానీ కసబ్ ప్రాణాలతో దొరికాడు.

ఆ రోజుల్లో దేశం ఎంత ఉడికిపోయిందో ఇక్కడున్న పెద్దలందరికీ గుర్తే. అయినా అప్పటి ప్రభుత్వం పాకిస్తాన్ మీద సైనిక దాడి చేయలేదు. అప్పుడు విదేశాంగ కార్యదర్శిగా ఉన్న శివశంకర్ మీనన్ తర్వాత ఒక పుస్తకం రాశారు. వెంటనే, అందరికీ కనిపించేలా ప్రతిదాడి చేయాలని తాను మొదట సలహా ఇచ్చానని, తర్వాత ఆలోచిస్తే చేయకపోవడమే ఆ సమయానికి సరైన నిర్ణయమని తనకు అనిపించిందని అందులో చెప్పుకున్నారు. దాడి చేసి ఉంటే ప్రపంచం దీన్ని రెండు దేశాల మధ్య మామూలు తగాదాగా చూసేదని, చేసిన నేరం మరుగున పడిపోయేదని ఆయన వాదన.

దాడి చేయలేదంటే చేతులు కట్టుకుని కూర్చున్నామని కాదు. ఆ ఏడాది ముగిసేలోపే జాతీయ దర్యాప్తు సంస్థ, అంటే ఎన్‌ఐఏ కోసం పార్లమెంటు చట్టం చేసింది. అంతకుముందు ఎన్‌ఎస్‌జీ కమాండోలు ఎక్కడికి వెళ్ళాలన్నా ఢిల్లీ పక్కనుంచే బయలుదేరాల్సి వచ్చేది. 2009లో ముంబై, చెన్నై, కోల్‌కతాతో పాటు మన హైదరాబాద్‌లోనూ వాళ్ళకు కేంద్రాలు పెట్టారు. దాడికి ముందు ముంబైలో రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీకి అమెరికా కోర్టు 35 ఏళ్ళ జైలు వేసింది. అతని సహచరుడు తహవూర్ రాణాను 2025 ఏప్రిల్‌లో మన దేశానికి తీసుకొచ్చారు.

కసబ్ కేసు సంగతి ఇంకా ముఖ్యమైనది. అతనికి లాయర్‌ను ఇచ్చాం. ప్రత్యేక కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు అన్నీ విచారించాకే 2012 నవంబర్ 21న ఉరి తీశారు. అదే కేసులో నిందితులుగా ఉన్న ఇద్దరు భారతీయులపై సాక్ష్యం చాలదని మన కోర్టులే నిర్దోషులుగా వదిలేశాయి. అంత కోపంలో కూడా దోషిని, దోషి కానివాణ్ణి వేరుచేసి చూడగలిగాం. ఇది చిన్న విషయమేమీ కాదు.

అయితే రెండో వైపు లెక్క దాచిపెడితే చర్చ అనిపించుకోదు. ముంబై దాడికి పథకం వేసిన పెద్ద తలకాయలకు పాకిస్తాన్‌లో ఆ నేరానికి తగిన శిక్ష పడలేదు. హఫీజ్ సయీద్‌కు 2020లో జైలు శిక్ష పడింది గానీ, అది ఉగ్రవాదానికి డబ్బు సమకూర్చిన కేసుల్లో. "మీరు ఓపిక పట్టారు, వాళ్ళకేమైంది?" అని ముంబైలో తన వాళ్ళను పోగొట్టుకున్న మనిషి అడిగితే మన దగ్గర పూర్తి సమాధానం లేదు. అవతలివాడు ఓపికను చేతగానితనం అనుకునే ప్రమాదం కూడా ఉంది. ఈ మాట అన్న పిల్లల వాదనలో బలం ఉందని నేను ఒప్పుకుంటాను.

ఆ వాదన బలపడ్డాకే మన పద్ధతి మారింది. 2016లో ఉరీలో సైనిక శిబిరం మీద దాడి జరిగితే పదకొండు రోజులకు సర్జికల్ దాడులు చేశాం. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోతే 26న బాలాకోట్ మీద వైమానిక దాడి జరిగింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపితే మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. తొమ్మిది చోట్ల ఉగ్రవాద స్థావరాలను కొట్టాం. పహల్గాంలో చనిపోయిన వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఈ దాడుల వల్ల ఒక లాభం ఉంది. ఉగ్రవాదులను పోషించే వాళ్ళకు ఇక ఖర్చు లేకుండా పోదని తెలిసింది. కానీ మనకూ ఖర్చు లేకుండా పోలేదు. బాలాకోట్ మరునాడు, గగనతలంలో యుద్ధం జరుగుతున్న గందరగోళంలో, బడ్గాం దగ్గర మన క్షిపణే మన హెలికాప్టర్‌ను కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, కింద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. 2025 మేలో నాలుగు రోజులు సాగిన పోరులో పూంఛ్ పట్టణంలో ఇళ్ళ మీద గుండ్లు పడ్డాయి, పిల్లలు కూడా చనిపోయారు. ఆ రోజుల్లోనే శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక తండా తన కుర్రాణ్ణి సరిహద్దులో పోగొట్టుకుంది. టీవీ ముందు కూర్చుని "ఇంకా కొట్టండి" అన్న మనలో ఎవరికీ ఆ గుండు తగల్లేదు. ఈ హాల్లో సైన్యంలో పనిచేసి వచ్చిన మన పూర్వ విద్యార్థులున్నారు. గమనించి చూడండి, యుద్ధం గురించి అందరికన్నా తక్కువ మాట్లాడేది వాళ్ళే.

దాడులు ఆగిపోయాయా అని అడిగితే, 2016 తర్వాత 2019 వచ్చింది, 2019 తర్వాత 2025 వచ్చింది. కొట్టకపోతే ఇంకా ఎక్కువ జరిగేవని ఒకరంటారు. కొట్టినా జరిగాయి కదా అని ఇంకొకరంటారు. ఈ రెంటిలో దేన్నీ ఎవరూ పూర్తిగా రుజువు చేయలేరు. అందుకే చర్చ కావాలి.

అమెరికా అనుభవం కూడా చూడాలి. 2001 సెప్టెంబర్ 11న దాదాపు 3 వేల మంది చనిపోయారు. మూడు రోజులకే, సైన్యాన్ని వాడే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే తీర్మానం ప్రతినిధుల సభ ముందుకు వచ్చింది. 420 మంది అవునన్నారు. కాలిఫోర్నియాకు చెందిన బార్బరా లీ ఒక్కరే కాదన్నారు. దేశానికి జవాబు చెప్పే హక్కు లేదని ఆవిడ అనలేదు. అవధి లేని అధికారం ఇవ్వవద్దని, ఒక్క నిమిషం ఆగి ఆలోచించమని అడిగారు. ఆవిణ్ణి దేశద్రోహి అన్నారు, చంపుతామని బెదిరించారు. ఆ అక్టోబర్‌లో మొదలైన అఫ్గాన్ యుద్ధం 2021 ఆగస్టు దాకా, అంటే దాదాపు 20 ఏళ్ళు నడిచింది. చివరికి కాబూల్‌లో మళ్ళీ తాలిబాన్లే కూర్చున్నారు. మధ్యలో, ఆ దాడితో సంబంధం లేని ఇరాక్ మీద కూడా యుద్ధం చేశారు. బిన్ లాడెన్ దొరికింది మాత్రం అఫ్గాన్ యుద్ధభూమిలో కాదు, పాకిస్తాన్‌లోని అబ్బొట్టాబాద్‌లో. ఏళ్ళ తరబడి ఆచూకీ తీసి, 2011లో చిన్న కమాండో బృందం ఒక్క రాత్రిలో ఆ పని ముగించింది.

పిల్లలూ, ఈ చర్చ మనకు కొత్తది కాదు. భారతంలో సౌప్తిక పర్వం ఉంది. యుద్ధం అయిపోయాక అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో దూరి, నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు. ఈ కాలపు మాటల్లో చెప్పాలంటే అది ఉగ్రదాడే. పాండవులు వెంటపడ్డారు. అతను గడ్డిపరకను మంత్రించి అస్త్రం వదిలాడు. అర్జునుడూ అస్త్రం వదిలాడు. రెండూ కలిస్తే లోకాలు కాలిపోతాయని వ్యాసుడూ నారదుడూ అడ్డం నిలబడ్డారు. ఉపసంహరించమంటే అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు. అశ్వత్థామకు ప్రయోగించడం వచ్చు గానీ వెనక్కి పిలవడం రాదు. చివరికి ఆ అస్త్రం కడుపులో ఉన్న బిడ్డ మీదికి వెళ్ళింది. 1998 మే తర్వాత రెండు వైపులా అణ్వస్త్రాలున్న ఈ గడ్డ మీద ఆ కథను ఒకసారి కాదు, పదిసార్లు చదువుకోవాలి. అస్త్రం వదలడం ఇద్దరికీ వచ్చు. ఆ రోజు లోకాన్ని కాపాడింది అర్జునుడికి తెలిసిన రెండో విద్య.

మన పోతన భాగవతంలో ఈ ఘట్టం అచ్చంగా చర్చాపోటీలాగే నడుస్తుంది. అర్జునుడు అశ్వత్థామను కట్టి తెస్తే భీముడు చంపాల్సిందే అంటాడు. బిడ్డలు పోయిన ద్రౌపదేమో, అతని తల్లి కూడా తనలా ఏడవకూడదు, వదిలేయమంటుంది. చివరికి తల గొరిగి, శిరసు మీది మణి తీసుకుని వెళ్ళగొడతారు. శిక్ష పడింది, బలం పోయింది, ఇంకో తల్లికి కడుపుకోత తప్పింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ మాట అనే హక్కు ద్రౌపదికే ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ళను క్షమించమని ఇంకెవరూ ఒత్తిడి చేయకూడదు. అలాగే వాళ్ళు శాంతి కోరితే నోరు నొక్కనూ కూడదు. పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న ఒక యువతి, మాకు న్యాయం కావాలి, కానీ ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం పెంచుకోవద్దు అన్నందుకు సోషల్ మీడియాలో ఆవిణ్ణే తిట్టిపోశారు. ఏ సంస్కృతి పేరు చెప్పి తిట్టారో ఆ సంస్కృతిలోనే ద్రౌపది ఉంది.

ప్రతీకారం సరిహద్దు అవతలికే వెళుతుందనుకోవడం కూడా పొరపాటు. అది ఇంట్లోకీ వస్తుంది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పదుల సంఖ్యలో పాతబస్తీ యువకులను పట్టుకెళ్ళారు. వాళ్ళు నిర్దోషులని తేలి బయటికి వచ్చాక ప్రభుత్వం పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. మరోవైపు, ఆ పేలుడు కేసులో విచారణను ఎదుర్కొన్న వాళ్ళందరినీ 2018లో కోర్టు విడుదల చేసింది. చనిపోయిన వాళ్ళకు న్యాయం జరగలేదు, చేయని నేరానికి కొందరి యవ్వనం కాలిపోయింది. తొందరపాటు కోపం వల్ల రెండు వైపులా నష్టపోయామనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

కాబట్టి ఇంకోసారి ఇలాంటి దుర్దినం వస్తే, అది రాకూడదనే కోరుకుందాం, ప్రభుత్వాన్ని మనం అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. దాడి చేసింది ఎవరో సాక్ష్యం ఉందా? మనం కొట్టబోయే దెబ్బ వాళ్ళకే తగులుతుందా? అవతలివాడు తిరిగి కొడితే ఎక్కడ ఆపగలం? దాడికి దారి ఇచ్చిన మన ఇంటి లోపాన్ని సరిచేస్తున్నామా? చివరి ప్రశ్నను అందరూ మరిచిపోతారు. ప్రతిదాడి హోరులో, భద్రత ఎక్కడ తప్పిందన్న సంగతి అడిగేవాడే ఉండడు. ఈ నాలుగింటికీ సరైన సమాధానం ఉంటే, సైన్యాన్ని పంపే నిర్ణయానికి నేనూ చేయెత్తుతాను. లేకపోతే ఎంత చప్పట్లు పడినా ఎత్తను.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇందాక ప్రతికూల పక్షాన ఒక అబ్బాయి మాట్లాడుతుంటే వెనక వరుసలో ఎవరో "పాకిస్తాన్ వెళ్ళిపో" అన్నారు. సరదాకే అని ఉంటారు. కానీ ఆ పక్షం ఆ అబ్బాయి ఎంచుకున్నది కాదు, చీటీ తీస్తే వచ్చింది. ఎంచుకున్నా తప్పు కాదు. ప్రభుత్వం పొరబడుతున్నప్పుడు చెప్పగలిగే గొంతు ఒక్కటైనా ఉండటం దేశానికి రక్షణే. ఈ బడిలో మాకు చర్చలు నేర్పిన మాస్టార్లు అవతలి పక్షం వాదన పూర్తయ్యేదాకా మమ్మల్ని కూర్చోబెట్టేవారు. మాకంటే మీకు ఆ అలవాటు ఎక్కువ అవసరం, ఎందుకంటే మీ చేతుల్లో ఫోన్లున్నాయి. కోపం వచ్చిన నిమిషంలోనే వెయ్యిమందికి పంపేయవచ్చు, తర్వాత వెనక్కి తీసుకోలేరు.

రెండు పక్షాల పిల్లలకూ నా అభినందనలు.