టైల్స్ పనిలో దాగిన గణితం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య సైన్సులో వచ్చిన వింతల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రాకెట్ల గురించి టీవీల్లో రోజూ వింటూనే ఉన్నాం. అందుకని ఇవాళ మన కాళ్ల కింది నేల గురించి మాట్లాడుకుందాం.

చదరపు టైల్స్‌తో నేలంతా సందు లేకుండా పరచవచ్చు. త్రిభుజాలతోనూ, తేనెపట్టు గదుల్లాంటి ఆరు భుజాల పలకలతోనూ పరచవచ్చు. అయిదు భుజాలూ, కోణాలూ సమానంగా ఉన్న పలకతో మాత్రం ఎంత సర్దినా సందు మిగులుతుంది. ఏ మేస్త్రీని అడిగినా ఈ మాట చెబుతాడు. సరే, పరిచిన డిజైను ఎప్పుడూ అదే వరుసలో తిరిగి తిరిగి రావలసిందేనా? అక్కర లేదని 1970లలో ఇంగ్లండు శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ రెండే రకాల పలకలతో చూపించారు. 1982లో డాన్ షెక్ట్‌మన్‌కు ఒక లోహ మిశ్రమంలో పరమాణువులు ఇలాగే, క్రమం ఉండీ తిరిగి రాని తీరులో కనిపించాయి. తోటివారు నమ్మలేదు. 2011లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు వింత 2007లో బయటపడింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో దర్బ్-ఇ-ఇమామ్ అనే దర్గా ఉంది. 1453 నాటిది. దాని గోడమీది పలకల అల్లికలో పెన్‌రోజ్ డిజైనుకు చాలా దగ్గరి పోలిక ఉందని పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ పనివారు అయిదు ఆకారాల అచ్చులతో డిజైను కూర్చేవారని వారి వాదన. ఈ కళ పేరు గిరిహ్. ఉర్దూ వచ్చినవారికి ‘గిరహ్’ అంటే ముడి అని తెలుసు.

ఇది విని, అన్నీ మనవాళ్లే ఎప్పుడో కనిపెట్టారని చప్పట్లు కొట్టడం మాకు ఇష్టం లేదు. ఆ మేస్త్రీలు గణిత నిరూపణ రాసి పెట్టిపోలేదు. వారికి ఎంతవరకు తెలుసన్న దానిపై పండితుల్లో వాదం నడుస్తూనే ఉంది. కానీ ఆ పని మాత్రం గోడమీద ఉంది. లెక్క కట్టిన 3,700 పలకల్లో తేడా వచ్చింది 11 చోట్లే.

ఇక రెండు రకాలు కాదు, ఒక్క ఆకారంతోనే తిరిగి రాని డిజైను పరచగలమా? దీనికి జవాబు కోసం దాదాపు యాభై ఏళ్లు వెతికారు. 2022 చివర్లో దొరికింది. దొరికింది ప్రొఫెసరుకు కాదు, ఇంగ్లండులో ప్రింటింగ్ పని చేసి రిటైరైన డేవిడ్ స్మిత్‌కు. పదమూడు భుజాలతో టోపీలా ఉండే ఆ ఆకారాన్ని కాగితంలో కత్తిరించి, పక్కపక్కన పేర్చి చూశారాయన. గణితం తెలిసిన మరో ముగ్గురు తోడై, 2023 మార్చిలో నిరూపణ వెల్లడించారు. అయితే అందులో కొన్ని పలకలను బోర్లా తిప్పి వేయాలి. మన ఇళ్లలో మెరుపు టైలును బోర్లా వేస్తే మేస్త్రీకి కూలి ఇవ్వరు! తిప్పనక్కరలేని ఆకారాన్ని కూడా అదే ఏడాది మే నెలలో ఆ నలుగురే చూపించారు.

పది తర్వాత మన పిల్లలు కొందరు టైల్స్ పనికి, వడ్రంగానికి వెళ్లిపోతున్నారు. లెక్కలు రాలేదు కనుక వెళ్లారని ఇంట్లోనే అంటారు. మూలలో ఎంత కోత పడుతుందో కంటితో చూసి చెప్పే కుర్రాడికి లెక్కలు రావని మేము ఒప్పుకోం. పనిచేస్తూనే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టే పిల్లలకు కూడా ఉపకారవేతనం ఇవ్వాలని సొసైటీ పెద్దలను కోరుతున్నాం. ఆదివారాలు వారికి లెక్కలు చెప్పడానికి మా ఉపాధ్యాయులం సిద్ధంగా ఉన్నాం.

టోపీ ఆకారపు అట్టముక్కలు ఓ సంచెడు తెచ్చాం. భోజనాలయ్యాక పిల్లలూ, మేస్త్రీ పని తెలిసిన పెద్దలూ ఆ బల్ల దగ్గరికి రండి.