చిక్కడపల్లిలో నేర్చుకున్న డ్రైవింగ్ అమెరికాలో పనికొస్తుందా? పార్కింగ్ దగ్గరే అసలు కథ

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఇద్దరి కోసం. ఒకరు, ఎమ్మెస్‌కి వెళ్తూ బ్యాగులు సర్దుకుంటున్నవాళ్ళు. ఇంకొకరు, కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో ఆరు నెలలు వెళ్తున్న అమ్మానాన్నలు. వీళ్ళు నా వీడియోలు చూడరు, కాబట్టి మీరే వాళ్ళకి ఫార్వర్డ్ చెయ్యాలి.

మన ఏరియా సంగతి మీకు తెలుసు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఫస్ట్ షో వదిలే టైమ్‌కి సంధ్య థియేటర్ ముందు నుంచి కారు బయటికి తీసినవాడు, అశోక్‌నగర్ గల్లీల్లో కోచింగ్ సెంటర్ల ముందు రెండు వైపులా బైకులు పెట్టి ఉంటే మధ్యలోంచి అద్దాలు మడిచి కారు పోనిచ్చినవాడు, ప్రపంచంలో ఎక్కడైనా నడపగలను అనుకుంటాడు. స్టీరింగ్ కంట్రోల్ వరకు అది నిజమే. మన చెయ్యి బాగానే ఉంటుంది. తేడా వచ్చేది అలవాట్ల దగ్గర.

ముందు కాగితాల సంగతి చూసేద్దాం, బోర్ కొట్టినా వినండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, ఐడీపీ అంటారు. ఇండియాలో దీన్ని ఇచ్చేది ఆర్టీఏ. ఫామ్ 4ఏ, ఫీజు 1,000 రూపాయలు, వ్యాలిడిటీ ఒక సంవత్సరం. ఆలోపే మీ లైసెన్స్ అయిపోతే పర్మిట్ కూడా అక్కడితో సరి. ఒకప్పుడు మెడికల్ సర్టిఫికెట్, వీసా చూపించమనేవాళ్ళు. 2021 జనవరిలో కేంద్రం ఆ రెండూ తీసేసింది. 2022లో ఫార్మాట్ మార్చి, లైసెన్స్‌కి లింక్ అయ్యేలా క్యూఆర్ కోడ్ పెట్టారు. మనది 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చే పర్మిట్. జపాన్‌లో అదే ఒప్పందం కింద ఇచ్చినది ఉండాలి, మనది చెల్లుతుంది. చైనాలో ఐడీపీ అస్సలు చెల్లదు.

ఐడీపీ ఒక్కటే జేబులో పెట్టుకుని వెళ్తే లాభం లేదు. అది మీ లైసెన్స్‌కి అనువాదం లాంటిది, ఒరిజినల్ కార్డు పక్కన ఉంటేనే దానికి విలువ. ఇంకోటి, ఆన్‌లైన్‌లో "ఇంటర్నేషనల్ లైసెన్స్, మూడేళ్ళ వ్యాలిడిటీ" అని డాలర్లలో అమ్మే సైట్లు కనిపిస్తాయి. బుక్‌లెట్ చాలా అందంగా ఉంటుంది. దాన్ని పోలీసుకి చూపిస్తే మాత్రం లైసెన్స్ లేకుండా నడుపుతున్నట్టే. అమెరికా ప్రభుత్వం కూడా వీటి గురించి జనాన్ని హెచ్చరించింది.

అమెరికాలో రాష్ట్రం మారితే రూల్ మారుతుంది. కాలిఫోర్నియాలో చూడ్డానికి వచ్చినవాళ్ళు 18 దాటి ఉంటే, సొంత దేశం లైసెన్స్‌తోనే నడపొచ్చు. అదే అక్కడ రెసిడెంట్ అయ్యారంటే 10 రోజుల్లో వాళ్ళ లైసెన్స్‌కి అప్లై చెయ్యాలి. బ్రిటన్‌లో 12 నెలలు, జర్మనీలో నివాసం మొదలైనప్పటి నుంచి ఆరు నెలలు. మీరు వెళ్ళే చోటు రూల్ ఆ గవర్నమెంట్ సైట్‌లోనే చూడండి, రూమ్మేట్‌ని అడగొద్దు. "ఏం కాదు మామా, నేను రెండేళ్ళ నుంచి నడుపుతున్నా" అంటాడు వాడు. వాణ్ణి ఇంకా ఎవరూ ఆపలేదు, అంతే.

ఇది ఎందుకు సీరియస్సో చెప్తా. లైసెన్స్ లేకుండా నడపడం చాలా రాష్ట్రాల్లో క్రిమినల్ కేసు. జార్జియాలో అయితే మామూలు ట్రాఫిక్ తప్పులు కూడా చట్టం ప్రకారం మిస్‌డిమీనర్ కిందికే వస్తాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో వేల మంది ఇంటర్నేషనల్ స్టూడెంట్ల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దు చేశారు, వాళ్ళలో ఇండియన్స్ చాలామంది. కొందరి మీద ఉన్నదల్లా చిన్న ట్రాఫిక్ కేసు, అదీ కొట్టేసిన కేసు. కోర్టుల చుట్టూ తిరిగాక నెలాఖరుకి రికార్డులు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. కానీ ఆ మూడు నాలుగు వారాలు నిద్ర ఎవరు తిరిగిస్తారు? తాగి నడిపితే ఇక చెప్పక్కర్లేదు. కోర్టు తేల్చకముందే, అరెస్ట్ దగ్గరే వీసా క్యాన్సిల్ చెయ్యొచ్చు. తర్వాత ఎప్పుడు వీసా ఫామ్ నింపినా "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అనే ప్రశ్న అక్కడే ఉంటుంది. అందరి తల్లిదండ్రులూ ఇల్లు తాకట్టు పెట్టి పంపలేదనుకోండి, కానీ చాలామంది అప్పు చేసే పంపారు.

సరే, రోడ్డు ఎక్కుదాం. అక్కడ కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు. ఒక్క గుర్తు చాలు: దాదాపు ఏ దేశంలో అయినా డ్రైవర్ రోడ్డు మధ్య గీత వైపు కూర్చుంటాడు. మీ సీటు ఫుట్‌పాత్ పక్కకి వచ్చిందంటే మీరు రాంగ్ సైడ్‌లో ఉన్నట్టే. పెడల్స్ మారవు. మన కార్లలో ఎక్కువగా ఇండికేటర్ కుడిచేతి కింద ఉంటుంది, అక్కడ ఎడమచేతి కింద. మొదటి వారం ప్రతి టర్నింగ్‌లో వైపర్లు ఆడతాయి. ఎండలో వైపర్లు ఆడుతున్న కారు కనిపిస్తే లోపల మనవాడే అనుకోండి.

ప్రమాదం ఎక్కువ ఉండేది లెఫ్ట్ టర్న్‌లో. మనకి లెఫ్ట్ అంటే ఫ్రీ లెఫ్ట్, చేతిలో పని. అక్కడ లెఫ్ట్ అంటే ఎదురొచ్చే బండ్లని దాటి తిరగాలి. ట్రాఫిక్ లేని పార్కింగ్ లాట్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా మెదడు పాత లెక్కే వేస్తుంది. స్టాప్ బోర్డు ఉంటే చక్రం పూర్తిగా ఆగాలి, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా ఆగాలి. రెడ్ లైట్‌లో ఆగి చూసుకుని రైట్ తిరగడం చాలా చోట్ల ఓకే, న్యూయార్క్ సిటీలో మాత్రం బోర్డు పెట్టి ఒప్పుకుంటేనే. ఇవన్నీ డ్రైవర్ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, ఫ్రీ పీడీఎఫ్, ఒక సాయంత్రం చాలు.

పార్కింగ్ దగ్గర మాత్రం ఆగాలి. నారాయణగూడలో మనం కారు ఎలా పెడతాం? ఒక షాపు ముందు ఖాళీ చూస్తాం. షాపాయన బయటికొచ్చి "అన్నా, గిరాకీ టైమ్" అంటాడు. "పది నిమిషాలే అన్నా" అంటాం. ఆయన "కొంచెం ముందుకి తీస్కో" అంటాడు. అయిపోయింది. ఇక్కడ పార్కింగ్ అంటే మనిషితో మాట్లాడుకోవడం. అక్కడ మాట్లాడే మనిషి ఉండడు, బోర్డు ఉంటుంది. బోర్డు మీద ఉన్నది అక్షరం అక్షరం చదవాలి. ఒకే స్తంభానికి మూడు బోర్డులు ఉంటాయి: రెండు గంటలు పెట్టుకోవచ్చని ఒకటి, మంగళవారం పొద్దున రోడ్డు ఊడుస్తారు, పెట్టొద్దని ఇంకోటి, పర్మిట్ ఉన్నవాళ్ళకి మినహాయింపని మూడోది. మూడూ కలిపి చదివితేనే అర్థం. బీటెక్‌లో ఇఫ్-ఎల్స్ కండిషన్లు రాసింది దీనికే అనిపిస్తుంది.

కాలిఫోర్నియాలో ఫుట్‌పాత్ అంచు రంగే భాష. ఎరుపు అంటే ఆపనే కూడదు. పసుపు సరుకు దింపుకోడానికి, తెలుపు మనుషుల్ని దింపడానికి, ఆకుపచ్చ కొద్దిసేపటికి, నీలం వికలాంగులకి. నీలంలో పెడితే ఫైన్ 250 డాలర్ల నుంచే మొదలు. రంగు వెయ్యని చోట్లు కూడా ఉన్నాయి: ఫైర్ హైడ్రెంట్‌కి కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో 15 అడుగులు, న్యూజెర్సీలో 10 అడుగుల దూరం వదలాలి. 2025 నుంచి కాలిఫోర్నియాలో జనం రోడ్డు దాటే చోటుకి ముందు 20 అడుగులు కూడా ఖాళీగా వదలాలి, బోర్డు లేకపోయినా. శాన్‌ఫ్రాన్సిస్కోలో 3 శాతం వాలు దాటిన రోడ్డు మీద చక్రాలు సరిగ్గా తిప్పి పెట్టకపోయినా టికెట్టే. ఇంకా మన త్యాగరాయ గానసభ దగ్గర పెట్టినట్టు ఎదురు ముఖంతో పెట్టకూడదు, కారు మూతి ట్రాఫిక్ వెళ్ళే వైపే ఉండాలి.

జర్మనీలో కొన్ని చోట్ల పార్కింగ్ ఫ్రీ, కానీ నీలం రంగు అట్ట గడియారం అద్దం దగ్గర పెట్టాలి. వచ్చిన టైమ్‌కి తర్వాతి అరగంట దగ్గర ముల్లు తిప్పాలి. 4:10కి వస్తే 4:30. మనకి ఇరవై నిమిషాలు బోనస్!

ఇప్పుడు చలానా అలవాటు. మన దగ్గర 2022 మార్చిలో పెండింగ్ చలాన్లకి డిస్కౌంట్ ఇచ్చారు, మళ్ళీ 2023 డిసెంబర్‌లో ఇచ్చారు. దాంతో "ఆఫర్ వచ్చినప్పుడు కడదాం" అని మనందరి ఒంట్లో పాకిపోయింది. అక్కడ లెక్క రివర్స్. బ్రిటన్‌లో కౌన్సిల్ పార్కింగ్ చలానా 14 రోజుల్లో కడితే సగమే. న్యూయార్క్‌లో 30 రోజులు దాటితే పెనాల్టీ మొదలై పెరుగుతూ పోతుంది, తీర్పు దాకా వెళ్ళిన బాకీ 350 డాలర్లు దాటితే చక్రానికి తాళం వేస్తారు. పార్కింగ్ టికెట్‌తో సాధారణంగా డ్రైవింగ్ రికార్డుకి మచ్చ రాదు, కాబట్టి భయపడక్కర్లేదు. కట్టెయ్యండి, మర్చిపోండి. రెంటల్ కారు అయితే ఫైన్‌తో పాటు కంపెనీ వాళ్ళ ప్రాసెసింగ్ ఫీజు కూడా కార్డు నుంచి లాగుతారు. ఇటలీలో పాత ఊరి మధ్యలోకి, జెడ్‌టీఎల్ అని రాసిన చోటుకి, పర్మిషన్ లేకుండా వెళ్తే కెమెరా పట్టేస్తుంది. మీరు హైదరాబాద్ వచ్చి ఫోటోలన్నీ పోస్ట్ చేశాక, కొన్ని నెలలకి నోటీసు వస్తుంది.

అమ్మానాన్నల సంగతి. ముప్ఫై ఏళ్ళు ఈ హైదరాబాద్ రోడ్ల మీద నడిపిన నాన్నగారు అక్కడ ఊరికే కూర్చోలేరు. "పాల ప్యాకెట్‌కి కూడా నువ్వే రావాలా, తాళం ఇవ్వు" అంటారు. ఆయన గౌరవం కూడా చూడాలి, అందుకే మొహం మీద వద్దనకండి. ముందు మీ ఇన్సూరెన్స్ వాళ్ళని అడగండి. చాలా పాలసీల్లో ఎప్పుడో ఒకసారి నడిపే అతిథికి కవర్ ఉంటుంది, కానీ ఇంట్లోనే నెలల తరబడి ఉండే మనిషి పేరు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు. ఏదైనా జరిగితే అవతలివాళ్ళ హాస్పిటల్ బిల్లు మీ మీదికి వస్తుంది, అది మనం రూపాయల్లో రాసుకోలేని అంకె. పేరు చేర్పించాక ఆదివారం పొద్దున ఖాళీ స్కూల్ గ్రౌండ్ దగ్గర గంట నడపనివ్వండి. నాకు తెలిసిన ఒక అంకుల్ ఆ గంట అయ్యాక తనే తాళం తిరిగి ఇచ్చేశారు. "ఇక్కడ హారన్ లేకపోతే నాకు కళ్ళు కనపడట్లేదురా" అన్నారట.

చివరిగా, ఇటు వచ్చేవాళ్ళకి. సంక్రాంతికి దిగి, నాన్న కారు తాళం తీసుకునే ఎన్నారై అన్నలు, మీ తెలంగాణ లైసెన్స్ డేట్ ఒకసారి చూసుకోండి. అమెరికా లైసెన్స్ ఒక్కటే ఉంటే అక్కడే ఐడీపీ తీసుకుని రండి. ఇందిరాపార్క్ దగ్గర స్టీల్ బ్రిడ్జి ఎక్కారంటే అశోక్‌నగర్ మీదుగా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా వీఎస్టీ దగ్గర దిగుతారు. 2023 ఆగస్టులో ఓపెన్ చేశారు, మీ పాత లెక్కలో అది లేదు. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళాలంటే కిందే ఉండాలి. అసలు కారే వద్దనుకుంటే చిక్కడపల్లికీ నారాయణగూడకీ మెట్రో స్టేషన్లు ఉన్నాయి. కారు ఇంటి దగ్గరే వదిలి రండి, షాపాయనతో బతిమాలుకునే పని కూడా తప్పుతుంది.