మెదడులో రగిలే నిప్పు, రెండు భాషల అండ

పింఛనుదారుల సంఘం కార్యదర్శిగారు నన్ను మూడు సంగతులు చెప్పమన్నారు. వయసు పైబడ్డాక మెదడులో వాపు ఎందుకొస్తుంది, దానివల్ల ఏ జబ్బులొస్తాయి, మనం చేయగలిగింది ఏమిటి.

పిల్లలకు దోమకాటుతో వచ్చే మెదడువాపు జ్వరం వేరు, ఈ పూట నేను చెప్పేది వేరు. ఇందులో జ్వరం ఉండదు, తలనొప్పి ఉండదు. నివురుగప్పిన నిప్పులా ఏళ్లకేళ్లు రగులుతూనే ఉంటుంది. మెదడులో మైక్రోగ్లియా అనే కణాలున్నాయి. స్పెయిన్ శాస్త్రజ్ఞుడు పియో దెల్ రియో ఒర్తేగా 1919లో వాటిని విడిగా గుర్తించాడు. చచ్చిన కణాలను ఎత్తిపారేయడం, సూక్ష్మక్రిములు చొరబడితే ఎదుర్కోవడం వాటి పని. వయసులో ఉన్నప్పుడు పని కాగానే శాంతిస్తాయి. ముసలితనంలో చిన్న కారణానికే రెచ్చిపోతాయి, ఒక పట్టాన తగ్గవు. అవి వదిలే రసాయనాలు పక్కనున్న మంచి నాడీకణాలనూ దెబ్బతీస్తాయి. వయసుతోపాటు ఒళ్లంతా పెరిగే ఈ మంటకు ఇటలీవాడైన క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టాడు. అదుపులో లేని షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు, పొగాకు, చిగుళ్ల చీము, అన్నీ దానికి ఆజ్యమే.

ఒంట్లో మంటకూ మెదడుకూ ఉన్న సంబంధం మీ ఇళ్లలోనే చూసి ఉంటారు. నిన్నటిదాకా పొలం లెక్కలు చెప్పిన పెద్దాయన రాత్రికి రాత్రే కొడుకును గుర్తుపట్టడు, గోడ మీద పాములున్నాయంటాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. చాలాసార్లు అది మూత్రంలో ఇన్ఫెక్షన్, కాకుంటే న్యుమోనియా. పరీక్ష చేసి మందిస్తే ఎక్కువమంది తేరుకుంటారు. ఆలస్యమైతే కొందరి మెదడు మళ్లీ పాత స్థితికి రాదు.

ఇక జబ్బులు. అల్జీమర్స్, వణుకుడు రోగం అని మనం పిలిచే పార్కిన్సన్స్, పక్షవాతం తర్వాత వచ్చే మతిమరుపు, అన్నింట్లోనూ ఈ మంట ఉంది. జర్మనీలో అలోయిస్ అల్జీమర్ 1906లో తన రోగి ఆగుస్టే డేటర్ మెదడు గురించి సభలో చెప్పి, మరుసటి ఏడు అచ్చువేసినప్పుడు గ్లియా కణాల్లో మార్పులను కూడా రాశాడు. చాలాకాలం ఎవరూ వాటిని అంతగా పట్టించుకోలేదు. 1988లో కెనడాలో ప్యాట్రిక్ మెక్‌గీర్ బృందం పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో రెచ్చిపోయిన మైక్రోగ్లియాను చూపించింది. మైక్రోగ్లియాలో పనిచేసే ట్రెమ్2 అనే జన్యువులో తేడా ఉంటే అల్జీమర్స్ ముప్పు బాగా పెరుగుతుందని 2013లో తేలింది.

అలాగని వాపు తగ్గించే మాత్ర మింగితే సరిపోదు. అమెరికాలో అడాప్ట్ అనే పరీక్షలో వృద్ధులకు అలాంటి మాత్రలే ఇచ్చి చూశారు. అల్జీమర్స్ ఆగలేదు, గుండెకు ముప్పన్న అనుమానంతో 2004లో ఆ మాత్రలు ఆపేశారు. మన దగ్గర మోకాళ్ల నొప్పికి మందులషాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి మింగుతున్నారు. మా చిన్నప్పటి డాక్టర్లు నాడి పట్టుకుని పావుగంట మాట్లాడాకే మందు రాసేవాళ్లు. ఇప్పుడు మాట్లాడే తీరిక డాక్టరుకూ లేదు, రోగికీ లేదు. ఆ మాత్రలతో కిడ్నీలు పోయాక వచ్చేవాళ్లను చూసి కడుపు తరుక్కుపోతుంది.

మాటల ప్రస్తావన వచ్చింది గనుక నాకు ఇష్టమైన సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ బల్ల మీద నాకోసం పెట్టిన రాతి నంది ఆళ్లగడ్డ శిల్పుల పని అని చూడగానే తెలిసింది. అక్కడి శిల్పుల దగ్గర కాసేపు కూర్చోండి. ఉలి ఆపకుండానే బళ్లారి నుంచి వచ్చినవాళ్లతో కన్నడంలో, పక్కవీధి సాయిబుతో ఉర్దూలో, ఇంట్లో తెలుగులో మాట్లాడేస్తారు. నంద్యాల బజారూ అంతే. నూనెపల్లె నుంచి ఒక గాజులమ్మే అవ్వ వైద్యానికి నా దగ్గరికి వచ్చేది. బడి మొహం చూడలేదు. అరుగు మీద కూర్చుంటే ఒక చేతికి గాజులు తొడుగుతూ తెలుగులో బేరం, పక్కింటి బీబీతో ఉర్దూలో యోగక్షేమాలు. చిల్లర లెక్క తప్పడం మొదలయ్యేనాటికి ఆమె తోటివాళ్లు చాలామంది అప్పటికే మంచానపడ్డారు. ఆమెలో ఈ బలం ఏమిటా అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి.

జవాబు హైదరాబాదు నుంచి వచ్చింది. అప్పట్లో అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యురాలైన సువర్ణ అల్లాడిగారు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, ఇతరులు కలిసి డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు, వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించారు. వాళ్లలో 391 మందికి రెండు గాని అంతకంటే ఎక్కువ గాని భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్లకంటే వాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. నా గుండె పొంగిన విషయం ఇంకొకటుంది. చదువురానివాళ్లలోనూ తేడా కనబడింది! అంటే ఇది బడి ఇచ్చిన బలం కాదు, బజారు ఇచ్చినది. రెండు భాషలు చాలు, మూడో దానితో అదనపు లాభం కనబడలేదు. న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే వలసవాసులను ఏళ్ల తరబడి వెంటాడి చూసినప్పుడు ఈ తేడా తేలలేదని కూడా నిజాయితీగా చెప్పాలి. అక్కడి జీవితం వేరు. మన హైదరాబాదులో, మన నంద్యాలలో నిమిషానికోసారి భాష మారుతుంది. రెండో భాష మంటను ఆర్పుతుందని నేననడం లేదు. లోపల దెబ్బ తగులుతున్నా పని నడిపించుకునే నిల్వను మెదడుకు ఇస్తుందని నా నమ్మకం.

భాషల బలం అంటే, 1991 ఉప ఎన్నికలో మనం నంద్యాల నుంచి లోక్‌సభకు పంపిన పి.వి. నరసింహారావుగారిని తలుచుకోండి. వేయిపడగలను హిందీలోకి తెచ్చిన మనిషి. ఆయన రాసిన ఇన్‌సైడర్ నవల ఇంగ్లీషులో వెలువడేనాటికి ఆయనకు డెబ్బై అయిదు దాటాయి. ఒక్కరి జీవితం రుజువు కాదు, ఆదర్శం మాత్రం అవుతుంది.

ఇప్పుడు చూడండి. తెలుగు పిల్లవాడికి ఉర్దూలో నాలుగు మాటలు రావు, ఉర్దూ ఇంటి పిల్లకు తెలుగు రాయడం రాదు. ఇద్దరికీ సగం ఇంగ్లీషు. అవ్వతో మాట్లాడే మనవడే లేడు, ఇద్దరి చేతుల్లోనూ సెల్లు. ముందు వరుసలో ఒకాయన చెవికి చెయ్యి ఆనించి వింటున్నారు. అయ్యా, ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి. వినికిడి తగ్గడం కూడా మతిమరుపుకు దారి. 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పిన 14 కారణాల్లో అదొకటి. ఆ పద్నాలుగింటినీ అదుపులో పెడితే వందలో 45 డిమెన్షియా కేసులు ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యమని వాళ్ల అంచనా.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు, మూడో సంగతి గబగబా ముగిస్తాను. బీపీ, షుగరు అదుపు, రోజూ నడక, పొగాకు మానడం, చిగుళ్లు చూపించుకోవడం, చెవి మిషను పెట్టుకోవడానికి సిగ్గుపడకపోవడం. హఠాత్తుగా మతి తప్పితే ఆ పూటే ఆసుపత్రికి. ముసలితనమే కదా అని వదిలేయకండి. మన దేశంలో 60 దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా.

సంఘానికి నా విన్నపం ఒక్కటే. నంద్యాలకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ వారానికొక పూట వృద్ధుల మతిమరుపును తెలుగులోనూ ఉర్దూలోనూ పరీక్షించే ఏర్పాటు ఉండాలని ఈ రోజే తీర్మానం చేసి కలెక్టరుగారికి పంపండి. మొదటి సంతకం నేను పెడతాను.