తుడవకండి, స్ప్రే కొట్టండి

కారు నిలబడి ఉన్నా ఇంజిన్ ఒకసారి ఎగసి, ఒకసారి ఆగిపోబోతోందా? మైలేజీ తగ్గిందా? కారణాలు చాలా ఉండొచ్చు. వాటిలో ఒకటి మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే, గాలి గొట్టం మీద ఉంటుందది. చాలా కార్లలో దాని లోపల వెంట్రుక లాంటి తీగ ఉంటుంది. కరెంటుతో వేడెక్కి ఉంటుంది. గాలి తగిలితే చల్లబడుతుంది. దాన్నిబట్టే ఎంత గాలి వస్తోందో, ఎంత పెట్రోలు వదలాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. తీగకు దుమ్ము పట్టిందా, లెక్క తప్పిందే!

దాన్ని శుభ్రం చేయాలంటే, ముందు ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. తాళంచెవి తీసేయండి. సెన్సర్ వైరు ప్లగ్గు ఊడదీసి, స్క్రూలు విప్పి, సెన్సర్‌ను మెల్లగా బయటికి లాగండి. ఇక్కడే మన చెయ్యి ఊరుకోదు. గుడ్డతో ఒక్కసారి తుడిచేద్దాం అనిపిస్తుంది. వద్దు. బ్రష్షూ వద్దు, వేలూ వద్దు. బ్రేక్ క్లీనర్ అసలే వద్దు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ కోసమే అమ్మే స్ప్రే కొట్టండి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా. దానంతటదే పూర్తిగా ఆరనివ్వండి. మళ్లీ చెబుతున్నా: స్ప్రే మాత్రమే, ముట్టుకోవద్దు.

అన్నట్టు, బిగించే ముందు ఎయిర్ ఫిల్టర్ కూడా చూడండి. దుమ్ము వచ్చింది ఆ దారినే.