ఒక్క దినమున మూడు గుట్టలు

పర్వతారోహణమన్నంతనే మనకు హిమాలయములే తలపునకు వచ్చును. మంచు, గొడ్డలి, ప్రాణవాయువు నింపిన సీసాలు - ఇవన్నియు లేనిదే కొండనెక్కుట కాదని మనలో పలువురి అభిప్రాయము. కాని కరీంనగరము చుట్టుపట్ల కన్నెత్తి చూచిన యెడల ఏదో ఒక దిక్కున నల్లని రాతిగుట్ట కనబడకపోదు. మన భాషలో వీనికి ఎన్ని పేర్లున్నవో చూడుడు. గుట్ట యనుచున్నాము, గట్టు యనుచున్నాము, కోట కట్టిన చోటును ఖిల్లా యనుచున్నాము. ఇన్ని పేర్లు పెట్టుకొన్నవారము వీనిపై కాలు పెట్టుట మాత్రము తగ్గించుకొన్నాము.

ఒకటి తరువాత నొకటిగా పెక్కు శిఖరములను ఒకే పరుగున, నిర్ణీతమైన వేళలోపల ఎక్కి దిగుట ఈనాడు అనేక దేశములందు పేరుపొందిన సాహసక్రీడ. దీనికి ఒరవడి పెట్టినవారిలో ఇంగ్లండునకు చెందిన బాబ్ గ్రాహం ఒకరు. కెస్విక్ అను చిన్నపట్టణమున బసగృహము నడుపుకొనుచుండిన ఆయన 1932 జూన్ నెలలో ఆ చుట్టుపట్లనున్న 42 శిఖరములను 24 గంటలలోపల చుట్టి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చెను. దారి సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కిన ఎత్తంతయు కూడిన యెడల ఎనిమిదివేల మీటర్లకు పైమాట. ఆ పనిని మరల చేయగలిగిన మనుష్యుడు 1960 వరకు కానరాలేదు. నేటికి రెండువేలమందికి పైగా దానిని పూర్తిచేసియున్నారు. ప్రతి శిఖరముమీదను తోడు వచ్చిన సాక్షి యొకడు ఉండవలెనన్నది అచ్చటి నియమము. ఒంటరి సాహసమును ఆ క్రీడ మెచ్చదన్నమాట.

ఇది మనకు పరాయిదని అనుకొనరాదు. హనుమజ్జయంతి నాటికి ఆంజనేయ దీక్ష పూనినవారు ఊరూరినుండి కొండగట్టునకు కాలినడకన పోవుట మనమెరిగినదే. ఆదిలాబాదు సీమలో కేస్లాపూరు నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు కాలికి చెప్పులు లేక అడవులు, గుట్టలు దాటి గోదావరి తీరమందలి హస్తినమడుగునకు నడచిపోయి పవిత్రజలము తెత్తురు. పుష్యమాసపు అమావాస్య రాత్రి ఆ జలముతోనే పూజ జరుగును. అది భక్తి, క్రీడ కాదు. అయినను దూరపు నడకకు వలసిన నీతి యంతయు అందు గలదు: గుంపుగా నడచుట, పెద్దల అడుగు ననుసరించి వేగము నిలుపుకొనుట, నిర్ణయించిన చోట ఆగుట, తొందరపడకుండుట.

ఇక మన నగరమునుండి ఒక దారిని ఊహింతము. ఇది ఎవరును ఏర్పరచిన పోటీ కాదు. మేము సూచించు వరుస మాత్రమే.

మొదటిది ఎలగందుల. నగరమునకు సుమారు పది కిలోమీటర్ల దూరమున మానేరు ఒడ్డున నున్నది. కరీంనగరము జిల్లాకు కేంద్రము కాకముందు ఈ సీమకు ముఖ్యపట్టణము ఇదియే. గుట్టమీద కోటగోడలు, నరసింహస్వామి గుడి, మసీదు ఒకే ఎండను పంచుకొనుచుండును. రెండవది కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట. పదవ శతాబ్దమున, సుమారు 945 ప్రాంతమున, కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు ఆ బండపై జినమూర్తులను, చక్రేశ్వరిని చెక్కించి, సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో శాసనము వ్రాయించెను. అందలి తెలుగు భాగము కందపద్యములు. నన్నయభట్టారకునికంటె నూరేండ్లు ముందే మన కందము ఈ గుట్టమీద నిలిచియున్నది. మూడవది కొండగట్టు. హనుమంతుడు సంజీవనిని మోసుకొనిపోవుచుండగా రాలిన తునకయే ఈ కొండయని జనశ్రుతి. మొలంగూరు, రామగిరి ఖిల్లాలు వేరు దిక్కుల నున్నవి గనుక వానిని మరియొక దినమునకు ఉంచుకొనుట మేలు.

ఈ మూడింటిని కలుపు దారి, నడచు త్రోవనుబట్టి సుమారు 50 కిలోమీటర్లగును. ఎంతసేపు పట్టును? స్కాట్లండు దేశస్థుడు నైస్మిత్ 1892లో ఒక సులభమైన లెక్క చెప్పెను. దాని ప్రకారము గంటకు సుమారు అయిదు కిలోమీటర్ల నడక. ఎక్కిన ప్రతి 600 మీటర్లకు మరియొక గంట. మూడు గుట్టల ఎక్కుడును కలిపి 300 మీటర్లని అనుకొందము. నడకకు పది గంటలు, ఎక్కుడునకు అరగంట. ఆగి తినుటకు, నీరు త్రాగుటకు రెండు గంటలు కలుపుకొన్న యెడల పండ్రెండున్నర గంటలు. మార్గశిరమాసపు పగలు పదునొకండు గంటలే గనుక కోడికూతకు ముందే బయలుదేరవలయును. పరుగున పోగలవాడు ఇందు సగము వేళలో ముగింపవచ్చును.

ఈ లెక్కలో ఒక విశేషము గలదు. గుట్టలు తీసికొను వేళ అరగంట మాత్రమే, తక్కినదంతయు మైదానమే. కావున మన సీమలో అసలు పరీక్ష ఎత్తు కాదు, దూరము, ఎండ. రామగుండము ప్రాంతమున వేసవి దినములు 45 డిగ్రీలు దాటుట కలదు. అట్టి ఎండలో పరుగు ప్రాణాంతకము. ఒడలు కాలి, మాట తడబడెనా, వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి, విసరి, వైద్యునికడకు కొనిపోవలెను. నవంబరు మొదలు జనవరి వరకే ఇట్టి పనికి తగిన కాలము. వట్టినీరే కడుపునిండ త్రాగుటయు మంచిది కాదు. రక్తమందలి ఉప్పు పలచబడును. ఉప్పు వేసిన మజ్జిగయు, తైదంబలియు మన పెద్దలు ఊరకే త్రాగలేదు.

ఎక్కునప్పుడు పరుగెత్తకుడు, చిన్న అడుగులతో, మోకాలిపై చేయి మోపి నడువుడు. దిగుటయే కష్టము. దిగునప్పుడు తొడకండరము సాగుచు బరువు మోయును. మరునాడును, ఆ మరునాడును పుట్టు నొప్పికి కారణమదే. వెనుకకు వాలక, పొట్టి అడుగులు వేయవలెను. బండరాళ్ల సందులు ఎలుగుబంటికి ఇండ్లు. మసకచీకటిలో మాట్లాడుకొనుచు, చప్పుడు చేయుచు పోవుట మేలు. పెద్దరోడ్డు విడిచి ఊరిబాట పట్టుడు.

ప్రొద్దుననే మన మైదానములందు పోలీసు ఉద్యోగమునకై యువకులు 1600 మీటర్లు, యువతులు 800 మీటర్లు పరుగెత్తి సాధన చేయుచుందురు. ఆ కాళ్లకు గుట్ట యెంత? పొరుగున నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ భువనగిరి బండపై తొలిపాఠములు నేర్చి, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు నెక్కెను. పాఠశాల మన రాతిగుట్టయే.

కడపట ఒక్కమాట. ఈ గుట్టల రాయి సుమారు 250 కోట్ల ఏండ్లనాటిది. టాన్ బ్రౌన్ అను పేర కరీంనగరపు గ్రానైటు దేశదేశములకు పోవుచున్నది. దానిచే పలువురి పొయ్యి వెలుగుచున్న మాటయు నిజమే. కాని కోసిన గుట్ట చెట్టువలె మరల చిగురింపదు. ఏ గుట్టను కోయవచ్చును, ఏ గుట్టను ఉంచవలెను అని అడుగవలసినవారము మనమే. అడుగవలెనన్న, ముందు ఆ గుట్ట పేరు మనకు తెలిసియుండవలెను. బొమ్మలగుట్టపై పద్యమున్నదని తెలిసినవాడే అచ్చట సుత్తి చప్పుడు విన్నప్పుడు ఉలికిపడును. తెలియనివానికి అదియొక రాళ్లకుప్ప.

మీ ఇంటి పిల్లలను పిలిచి, మన ఊరి చుట్టునున్న గుట్టల పేర్లు చెప్పుమని అడిగి చూడుడు. అయిదు పేర్లు వచ్చిన యెడల సంతోషింపుడు. రాకున్న యెడల, ఈ చలికాలమున ఒక ఆదివారము ఎలగందులతో మొదలుపెట్టుడు. మూడింటిని ఒక్కనాడే చుట్టు బలము తరువాత వచ్చును.